తడబడే అడుగుకు తాళం

(నటరాజ రామకృష్ణ గారి స్మృతిలో లింగంపల్లిలో జరిగిన సభలో చేసిన ప్రసంగ పాఠం)



నటరాజ రామకృష్ణ గారి పేరు వినగానే చాలామందికి పేరిణి గుర్తొస్తుంది. రామప్ప గుడి రాళ్ల మీద నిలిచిపోయిన భంగిమలనూ, పదమూడో శతాబ్దంలో గణపతిదేవుడి గజసేనాని జాయప రాసిన నృత్తరత్నావళినీ ఎదురెదురుగా పెట్టుకుని, ఎన్నో ఏళ్లు శ్రమపడి, ఆ వీరనాట్యాన్ని మళ్లీ మనుషుల కాళ్లలోకి తెచ్చారాయన. 2011 జూన్ 7న కన్నుమూసే నాటికి పేరిణి అంటే ఆయనే అన్నంతగా ఆ పేరు ఆయనతో కలిసిపోయింది. నేను మాత్రం ఇవాళ ఆయన చేసిన ఇంకో పని దగ్గర మొదలుపెడతాను. దేవదాసీ ఆచారాన్ని నిషేధిస్తూ 1947లో మద్రాసులో చట్టం వచ్చాక, కోస్తా ఊళ్లలో గుళ్లలోనూ మేజువాణీల్లోనూ ఆడిన కళావంతుల విద్య వాళ్ల ఇళ్లలోనే ఉండిపోయింది. రామకృష్ణ గారు వాళ్లను వెతుక్కుంటూ వెళ్లారు. వయసు మళ్లిన ఆ కళాకారిణుల నుంచి నేర్చుకున్నదాన్ని ఆంధ్రనాట్యం అనే పేరుతో మళ్లీ వేదిక ఎక్కించారు.

ఆ విద్యలో ఒక సంగతి నా వృత్తికి చాలా దగ్గరిది. క్షేత్రయ్య పదాన్నో, ఒక జావళినో కళావంతులు కూర్చుని కూడా అభినయించేవారు. కాలు కదలదు. చేయి, మెడ, కన్ను, కనుబొమ, ఊపిరి, వీటితోనే పదం మొత్తం నడుస్తుంది. కూర్చుని చేశారు కాబట్టి అది నాట్యం కాదని రసికులెవరూ అనలేదు.

నేను ఫిజియోథెరపిస్టును. మల్టిపుల్ స్క్లీరోసిస్‌తో, అందరూ పొట్టిగా ఎం.ఎస్. అనే జబ్బుతో బతుకుతున్నవాళ్లకు వ్యాయామం చేయించడం నా పనిలో భాగం. వాళ్లకు నాట్యాన్ని వ్యాయామంగా ఇవ్వవచ్చని, ఇవ్వాలని, అందుకు కావలసిన సరంజామా చాలావరకు మన దగ్గరే ఉందని చెప్పడానికి ఈ సభను వాడుకుంటున్నాను. నాట్యకారుడి స్మారక సభలో నరాల జబ్బు గురించి మాట్లాడటం ఏమిటని పెద్దలు అనుకోరని నమ్మకం.

ముందు జబ్బు సంగతి. మెదడులోనూ వెన్నుపాములోనూ ఉండే నరాల తీగల చుట్టూ మయెలిన్ అనే కొవ్వు పొర ఉంటుంది, కరెంటు తీగ మీది ప్లాస్టిక్ తొడుగులాగా. ఒంటిని కాపాడవలసిన రోగనిరోధక శక్తే ఎం.ఎస్.లో ఆ పొర మీద దాడి చేస్తుంది. పొర చెడిన చోట సంకేతం నెమ్మదిస్తుంది, తప్పిపోతుంది, ఒక్కోసారి ఆగిపోతుంది. అలా చెడిన చోటు, అంటే మచ్చ, కంటి నరం మీద పడితే చూపు మసకబారుతుంది. వెన్నుపాములో పడితే కాళ్లలో తిమ్మిరి, బిగుతు. చిన్నమెదడు దారుల్లో పడితే నడక తూలుతుంది. చాలామందిలో ఇది మొదట వచ్చి పోతూ ఉంటుంది: నాలుగు వారాలు కాలు ఈడుస్తారు, తర్వాత బాగవుతారు, మళ్లీ ఎప్పుడో ఇంకోచోట మొదలు. 1868లో పారిస్‌లోని సాల్‌పెట్రియేర్ ఆసుపత్రిలో జాఁ మార్తాఁ షార్కో ఈ జబ్బును ఇది ఫలానా అని విడదీసి చూపించాడు. 2020 నాటి ప్రపంచ లెక్క ప్రకారం ఇది ఉన్నవాళ్లు 28 లక్షల మంది. ఒకప్పుడు మన దేశంలో ఇది దాదాపు లేదనేంత అరుదనుకున్నారు. ఎం.ఆర్.ఐ. యంత్రాలు పెరిగాక ఆ మాట నిలబడలేదు.

లింగంపల్లిలో ఈ విషయం ఎందుకు మాట్లాడాలంటే, ఇది ఎక్కువగా 20, 40 ఏళ్ల మధ్య మొదలవుతుంది. మగవాళ్లకంటే ఆడవాళ్లలో రెండు మూడు రెట్లు ఎక్కువ. 1998లో మాదాపూర్‌లో సైబర్ టవర్స్ తెరుచుకున్నాయి, 2003లో ఎమ్మెమ్టీఎస్ రైలు లింగంపల్లి దాకా వచ్చింది, ఆ తర్వాత నల్లగండ్ల, చందానగర్, గోపన్‌పల్లి, కొండాపూర్ ఎవరితో నిండాయో మీకు తెలుసు. సరిగ్గా ఆ వయసువాళ్లతోనే. ఇక్కడి అమ్మాయికి ఒక పొద్దున కుడికాలు బరువెక్కితే, రోజంతా కుర్చీలో కూర్చుంటుంది కాబట్టి నడుం నరం నొక్కుకుందనుకుంటారు. తిమ్మిరి వస్తే బి12 తగ్గిందంటారు. కన్ను మసకబారితే కంప్యూటర్ మీద నెపం వేస్తారు. ఇంట్లో పెద్దవాళ్లు దిష్టి తీస్తారు. అసలు పేరు తెలిసేసరికి నెలలు, ఒక్కోసారి ఏళ్లు గడుస్తాయి.

పేరు తెలిశాక ఇంట్లో మొదట వినిపించే మాట, "ఇంక నువ్వేం పని చెయ్యకమ్మా, పడుకో." ఈ మాటలో ప్రేమ ఉంది. దీని వెనక ఒక వైద్య చరిత్ర కూడా ఉంది. 1890లో జర్మన్ కంటి వైద్యుడు విల్‌హెల్మ్ ఊట్‌హోఫ్, ఎం.ఎస్. రోగుల్లో కొందరికి శ్రమపడగానే చూపు తగ్గడం గమనించాడు. ఒళ్లు వేడెక్కడమే దానికి కారణమని తర్వాత తేలింది. పొర చెడిన నరం కొద్దిపాటి వేడికే సంకేతాన్ని జారవిడుస్తుంది. ఒళ్లు చల్లబడితే మళ్లీ యథాస్థితి. నరానికి కొత్తగా జరిగే నష్టం ఏమీ లేదు. కానీ భయం మిగిలిపోయింది. దశాబ్దాల పాటు డాక్టర్లు ఈ రోగులకు విశ్రాంతి తీసుకోండి, అలసిపోకండి అనే చెప్పారు. దాని ఫలితం ఊహించుకోండి: జబ్బు తీసుకున్న బలం కొంత, పడక తీసుకున్న బలం ఇంకొంత. రెండోది మనం చేతులారా ఇచ్చుకున్నది.

1996లో అమెరికాలోని యూటా విశ్వవిద్యాలయంలో పెటాజన్ బృందం ఆ సలహాను పరీక్షకు పెట్టింది. 54 మంది ఎం.ఎస్. ఉన్నవాళ్లను రెండు గుంపులు చేశారు. ఒక గుంపు 15 వారాలు, వారానికి మూడుసార్లు, చేతులూ కాళ్లూ కలిపి తొక్కే యంత్రం మీద వ్యాయామం చేసింది. రెండో గుంపు చేయలేదు. చేసినవాళ్ల ఊపిరి సామర్థ్యం పెరిగింది, కండబలం పెరిగింది, దిగులు తగ్గింది. వ్యాయామం వల్ల జబ్బు ముదురుతుందన్న భయానికి ఆధారం దొరకలేదు. ఆ తర్వాత వచ్చిన పరిశోధనలన్నీ దాదాపు అదే దారిలో నడిచాయి. 2013లో కెనడాలో తయారైన మార్గదర్శకాలు, జబ్బు తీవ్రత తక్కువగానో మధ్యస్థంగానో ఉన్న పెద్దలు వారానికి రెండుసార్లు ముప్పై నిమిషాల చొప్పున ఊపిరికి పని చెప్పే ఏరోబిక్ వ్యాయామం, రెండుసార్లు కండబలం పెంచే వ్యాయామం చేయాలని చెప్పాయి. వారానికి రెండుసార్లు అరగంట. ఇది ఎవరికీ అందనంత పెద్ద లక్ష్యం కాదు.

అయినా చేయరు. నా వృత్తిలో అతి పెద్ద సమస్య ఇదే, దీన్ని దాచిపెట్టి లాభం లేదు. కాగితం మీద బొమ్మలు గీసి ఇస్తాం: మడమ ఎత్తండి పదిసార్లు, ఒంటికాలి మీద నిలబడండి పది సెకన్లు, పక్కకు అడుగేయండి. మొదటి వారం చేస్తారు. మూడో వారానికి ఆ కాగితం ఫ్రిజ్ మీద అయస్కాంతం కింద ఉంటుంది. తప్పు వాళ్లది కాదు. ఒంటరిగా, గోడకెదురుగా, తనలో ఏది పనిచేయడం లేదో దాన్నే రోజూ లెక్కపెట్టుకునే పని ఎవరు ఎన్నాళ్లు చేస్తారు? పైగా ఎం.ఎస్.లో ఉండే నిస్సత్తువ మామూలు అలసట కాదు. నిద్రపోతే తీరేది కాదు, ఎదుటివాళ్లకు కనిపించేది కాదు. "చూడ్డానికి బాగానే ఉన్నావు కదా" అన్న మాట వాళ్లను ఎంత గాయపరుస్తుందో నేను విన్నాను.

ఇక్కడే నాట్యం పనికొస్తుంది. ప్రపంచంలో ఈ దారి ఇప్పటికే వేసి ఉంది. న్యూయార్క్ బ్రూక్లిన్‌లో మార్క్ మారిస్ నృత్య బృందం 2001లో పార్కిన్సన్స్ రోగులకు నాట్యం తరగతులు మొదలుపెట్టింది. మన పుణెలో హృషీకేశ్ పవార్ అదే జబ్బువాళ్లకు సమకాలీన నృత్యం నేర్పారు. ఎం.ఎస్. విషయానికొస్తే, ఇలినాయ్ విశ్వవిద్యాలయంలో సిట్లాలీ లోపెజ్ ఓర్తీజ్ బృందం బాలేను తీసుకుని, ఈ జబ్బు ఉన్న కొద్దిమంది స్త్రీలకు 16 వారాలు నేర్పింది. 2018లో వచ్చిన ఆ ఫలితాల్లో వాళ్ల తూలుడు తగ్గింది, నిలకడ పెరిగింది. గుంపు చిన్నది. దాన్ని పట్టుకుని నాట్యం ఎం.ఎస్.ను నయం చేస్తుందని ఎవరైనా ఈ ఊళ్లో బోర్డు పెడితే నమ్మకండి. నాట్యం మయెలిన్‌ను తిరిగి తేదు. మందు మానేసి గజ్జె కట్టమని నేను చెప్పడం లేదు.

మరి నాట్యం చేసేదేమిటి? కూచిపూడి పాఠంలో మొదటి నెల నేర్పే అడుగులను ఒక ఫిజియోథెరపిస్టు కళ్లతో చూడండి. సమపాదంలో నిలబడటం అంటే బరువును రెండు కాళ్ల మీద సమంగా పంచడం. ఎం.ఎస్. ఉన్నవాళ్లు తెలియకుండానే మంచి కాలి మీద వాలతారు. పక్కకు అడుగేసి కాలు కలపడం అంటే ఒక కాలి నుంచి ఇంకో కాలికి బరువు మార్చడం. నడకలో చాలామంది పడేది ఆ మార్పు దగ్గరే. మడమ కొట్టే అడుగు వేయాలంటే పాదం ముందుభాగాన్ని పైకి లేపాలి. పాదం వేలాడి చెప్పు జారిపోయేవాళ్లకు మేం చేయించేది అచ్చం అదే. మోకాళ్లు పక్కలకు వంచి నిలబడే అరమండి తొడ కండరాలకు గట్టి పని చెబుతుంది, అయితే కాళ్లు బిగుసుకుపోయేవాళ్లను సగం కూడా వంగమనకూడదు, కొద్దిగా మోకాలు సడలిస్తే చాలు. హస్తాన్ని చూస్తూ మెడ తిప్పడంలో కన్ను, చెవి లోపలి సమతుల్యం, మెడ మూడూ కలిసి పనిచేస్తాయి. జతిని, అంటే తాళానికి పలికే మాటల వరుసను, గుర్తుపెట్టుకుంటూ అడుగు వేయడం మతికీ కాలికీ కలిపి ఇచ్చే పని. నడుస్తూ మాట్లాడలేకపోతున్నానని చెప్పేవాళ్లకు ఇదెంత ముఖ్యమో నేను వేరే చెప్పక్కర్లేదు.

గజ్జె విషయం ప్రత్యేకంగా చెప్పాలి. అరికాలు మొద్దుబారినవాళ్లకు పాదం నేల మీద ఎప్పుడు, ఎలా పడిందో తెలియదు. చూసుకుంటే తప్ప తెలియదు, కిందికి చూస్తే నడక చెడుతుంది. గజ్జె మోత ఆ కబురును చెవి ద్వారా అందిస్తుంది. పాదం చప్పగా పడితే ఒక మోత, దిటవుగా పడితే ఇంకో మోత. బరువైన వరుసలు వద్దు, ఒక్క తాడుకు పది గజ్జెలు కట్టినా చాలు.

అన్నిటికంటే విలువైంది తాళం. కాలు తన అంతట తాను అడుగు తీయలేక తడబడుతున్నప్పుడు బయటినుంచి వచ్చే దరువు దానికి ఆసరా అవుతుంది. నరాల పునరావాసంలో నడక నేర్పడానికి దరువును వాడటం ఇప్పటికే ఉన్న పద్ధతి. తాళం వేస్తూ జతులు చెప్పే మన నట్టువాంగం ఆ పనికి సిద్ధంగా ఉంది. అందులో మోతాదు కూడా ఉంది. ప్రతి అడుగునూ మొదటి కాలం, రెండో కాలం, మూడో కాలం అని మూడు వేగాల్లో నేర్పుతారు. ఎం.ఎస్. ఉన్న మనిషి మొదటి కాలంలోనే ఉండిపోవచ్చు. బాగా ఉన్న వారం రెండో కాలానికి వెళ్లవచ్చు, నిస్సత్తువగా ఉన్న వారం వెనక్కి రావచ్చు. అడుగు అదే, తాళం అదే, ఎవరికీ చిన్నతనం లేదు.

అయితే కూచిపూడే కావాలని నేను పట్టుబట్టను. నిజం చెప్పాలంటే ఈ పనికి శాస్త్రీయ నాట్యం కంటే మన గుంపు ఆటలు మెరుగని నా అభిప్రాయం. జాయప సేనాని తన గ్రంథంలో ఎనిమిది అధ్యాయాలు రాస్తే వాటిలో నాలుగు దేశి నృత్యానికే ఇచ్చాడు. జనం గుంపుగా ఆడే రాసకాలు, కోలలతో ఆడే దండరాసకం ఆయనకు శాస్త్రంలో చోటు దక్కవలసినవిగానే కనిపించాయి.

బతుకమ్మను చూడండి. మధ్యలో పూలు, చుట్టూ ఆడవాళ్లు. ఒకరు పాట ఎత్తుకుంటే తక్కినవాళ్లు అందుకుంటారు. పక్కకు ఒక అడుగు, కొద్దిగా ముందుకు వంగి చప్పట్లు, మళ్లీ లేచి ఇంకో అడుగు. వేగం పాటను బట్టి. ఎంతసేపైనా ఆడవచ్చు, అలిసినవాళ్లు పక్కకు తప్పుకుంటే వలయం మూసుకుంటుంది, ఓపిక వచ్చినప్పుడు మళ్లీ తెరుచుకుంటుంది. ఎవరూ వేదిక మీద లేరు, ఎవరూ కింద కూర్చుని మార్కులు వేయడం లేదు. పక్కకు అడుగు, నడుము వంపు, చేతుల కదలిక, గొంతెత్తి పాడటంలో ఊపిరికి వ్యాయామం, ఇన్నింటిని నేను కాగితం మీద రాసిస్తే పన్నెండు బొమ్మలవుతాయి. ఇక్కడ ఒక్క పాటలో అయిపోతాయి. నిలబడలేనివాళ్లకు వలయంలోనే కుర్చీ వేస్తే, చేతులు, గొంతు, నడుము వాళ్లవే. ఎంగిలిపూల నాటి నుంచి సద్దుల దాకా తొమ్మిది రోజులు ఈ ప్రాంతంలో ప్రతి అపార్టుమెంటు కింద ఈ ఆట జరుగుతుంది. ఆ తొమ్మిది రోజులకే దాన్ని పరిమితం చేయాలని ఏ బతుకమ్మా చెప్పలేదు. పండుగను పండుగగా ఉంచుకుని, ఆ అడుగును ఏడాది పొడుగునా వాడుకోవచ్చు.

అరకు వైపు ధింసా ఆడేవాళ్లు పక్కపక్కనే నిలబడి, ఒకరి వీపు వెనకగా ఒకరు చేతులు వేసుకుని వరుసగా కదులుతారు. ఒక మనిషి తూలితే పక్క మనిషి భుజం ఉంటుంది. పడిపోతానన్న భయం ఎం.ఎస్. ఉన్నవాళ్లను ఇంట్లో కట్టిపడేస్తుంది, పడటం కంటే ఆ భయమే ఒక్కోసారి ఎక్కువ నష్టం చేస్తుంది. భయం లేకుండా ఒంటికాలి మీద క్షణం సేపు నిలబడే అవకాశం ధింసా వరుసలో ఉంది. కోలాటం చేతులు వణికేవాళ్లకు కష్టమే, కానీ కూర్చుని, ఎదుటివారి కోలకు నెమ్మదిగా తాకించే ఆటగా మొదలుపెడితే కంటికీ చేతికీ పొత్తు కుదురుతుంది.

నాట్యం, వైకల్యం అనే రెండు మాటలు కలిపితే తెలుగువాళ్లకు "మయూరి" గుర్తొస్తుంది. ప్రమాదంలో కాలు పోగొట్టుకున్న సుధా చంద్రన్ జైపూర్ కాలితో మళ్లీ భరతనాట్యం ఆడిన నిజకథను సింగీతం శ్రీనివాసరావు గారు సినిమాగా తీస్తే, ఆమే అందులో నటించింది. ఆ ధైర్యానికి చేతులెత్తి మొక్కుతాను. కానీ ఆ కథ ఒక ఆశను కూడా మన మనసులో నాటింది: పట్టుదల ఉంటే మళ్లీ వేదిక ఎక్కవచ్చు, ఎక్కకపోతే పట్టుదల లేదు. ఎం.ఎస్.లో ఇవాళ ఆడిన కాలు వచ్చే నెల ఆడకపోవచ్చు. అది ఓటమి కాదు, జబ్బు స్వభావం. అందుకని ఈ తరగతులకు ముగింపు ప్రదర్శన పెట్టవద్దని నాట్య గురువులను వేడుకుంటున్నాను. అరంగేట్రం లేని నాట్యం ఇది.

గురువులకు ఇంకొన్ని మాటలు. మే నెలలో మన ఎండ సంగతి తెలుసు. ఈ పనికి చల్లని గది విలాసం కాదు, అవసరం. ఏసీ లేకపోతే తెల్లవారుజామున పెట్టండి, ఫ్యాన్ల కింద పెట్టండి, చల్లటి నీళ్లు, తడిగుడ్డ దగ్గర ఉంచండి. ఆడుతుంటే చూపు మసకబారితే వెంటనే కూర్చోబెట్టి చల్లబరచండి. చల్లబడ్డాక తగ్గకపోతే, ఒక రోజు దాటినా కొత్త లక్షణం అలాగే ఉంటే డాక్టరు దగ్గరికి పంపండి, జబ్బు తిరగబెట్టి ఉండవచ్చు. అప్పుడు తరగతి ఆపాలి. పది నిమిషాలు ఆడి ఐదు నిమిషాలు కూర్చోనివ్వండి. గిరగిరా తిరిగే భ్రమరులు వద్దు, కళ్లు మూసి చేసే అడుగులు వద్దు. ఉత్తకాళ్లతో ఆడితే చివర్లో పాదాలు చూసుకోమనండి, మొద్దుబారిన కాలికి గాజుముక్క గుచ్చుకున్నా తెలియదు. ప్రతి మనిషికీ చేతులున్న కుర్చీ ఒకటి వెనకాల ఉండాలి. మరుగుదొడ్డి అదే అంతస్తులో, దగ్గరగా ఉండాలి. ఇది చిన్న విషయంగా తోస్తుంది. ఈ జబ్బులో మూత్రం ఆపుకోలేని ఇబ్బంది చాలామందికి ఉంటుంది, పైకి చెప్పరు, తరగతి మానేస్తారు.

కుటుంబాలకు కూడా ఒక మాట. 2016 నాటి వికలాంగుల హక్కుల చట్టం గుర్తించిన 21 వైకల్యాల్లో మల్టిపుల్ స్క్లీరోసిస్ పేరు ఉంది. ప్రైవేటు సంస్థలు సహా ప్రతి సంస్థా సమాన అవకాశాల విధానాన్ని ప్రకటించాలని అదే చట్టం చెబుతుంది. జుంబా తరగతికి హాలు ఇచ్చే ఐటీ కంపెనీ, ఈ తరగతికీ ఇవ్వగలదు, అడగండి. 1985 నుంచి పనిచేస్తున్న మల్టిపుల్ స్క్లీరోసిస్ సొసైటీ ఆఫ్ ఇండియాకు హైదరాబాదులోనూ శాఖ ఉంది. జబ్బు పేరు తెలిసిన వారంలోనే వాళ్లను పలకరించండి. అదే జబ్బుతో ఉన్న ఇంకో మనిషి ముఖం చూడటం చాలా ధైర్యాన్నిస్తుంది.

చివరిగా మన పొరుగువాళ్లకు విన్నపం. ఇక్కడికి కూతవేటు దూరంలో హైదరాబాద్ విశ్వవిద్యాలయం ఉంది. ఆ ఆవరణలోనే సరోజినీ నాయుడు కళల విభాగంలో కూచిపూడి నేర్పే నాట్యశాఖ ఉంది, మెదడు మీద పనిచేసే న్యూరల్ అండ్ కాగ్నిటివ్ సైన్సెస్ కేంద్రమూ ఉంది. పంజాగుట్టలో నిమ్స్ న్యూరాలజీ విభాగం ఉంది. బాలే మీద, సల్సా మీద పరీక్షలు వేరేవాళ్లు చేశారు. బతుకమ్మ అడుగు మీద, కూచిపూడి మొదటి కాలం మీద మనమే చేయాలి. ఈ ముగ్గురూ ఒక బల్ల చుట్టూ కూర్చుని, ఒక చిన్న గుంపుతో, కొలతలు సరిగ్గా పెట్టుకుని మొదలుపెట్టాలని ఈ సభ తరఫున అడుగుతున్నాను. కొలతలు తీసే పనికి నేను వస్తాను. హాలు, కుర్చీలు ఇవ్వగల కాలనీ సంఘాలు ఎవరైనా ఉంటే, సభ అయ్యాక దయచేసి నన్ను కలవండి.